బదులు మనిషి మింగిన మాత్రలు

ఆరుద్ర కార్తె, సోమవారం

పొద్దున్నే అద్దాలు తుడిచాను. నిజానికి ఇది నా పని కాదు. ఎర్రమెట్ట పెద్దల ఆసుపత్రిలో ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో, అది ఒంటికి పడుతోందో లేదో చూసే మందుల తనిఖీ ఉద్యోగం నాది. కానీ సముద్రం పాత రేవును మింగేసి కొండ మొదలు దాకా వచ్చినప్పటి నుంచి ఇక్కడి గాలి నిండా ఉప్పే. రెండు రోజులు తుడవకపోతే అద్దం మీద తెల్లటి పొర పేరుకుని లోపలి మనిషి ముసుగు తన్ని పడుకున్నట్టు కనిపిస్తుంది. ఆయమ్మలకు ఆ అద్దాలంటే భయం. అందుకని గుడ్డ నా చేతికి వచ్చింది.

మా దగ్గర మంచానికో అద్దం ఉంటుంది. మంచం మీద పడుకున్న మనిషే అద్దంలోనూ పడుకుని ఉంటుంది. కాగితాల్లో దాని పేరు బదులు మనిషి, మా నోళ్ళలో బదులు. ఏ మందైనా ముందు బదులుకి ఇస్తాం. బదులు మనకన్నా ఒక రోజు ముందు బతుకుతుంది. మాత్ర పడక అది తూలి పడినా, కక్కినా, నెత్తురు కారినా ఆ మాత్ర అసలు మనిషి దాకా రాదు. ఇవి లేని రోజుల్లో ఒక్కో ముసలాయన పూటకి గుప్పెడు మాత్రలు మింగేవాడు. వాటిలో సగం మిగతా సగం తెచ్చిన రోగాలకే. బదుళ్ళు వచ్చాక ఆ గోల తగ్గింది. తగ్గిందనే నేనూ నలుగురికి చెప్పుకు తిరిగాను.

కిటికీ పక్క మంచం పైడమ్మ గారిది. ఎనభై దాటిన మనిషి, పాత రేవులో చేపలు కొని అమ్మిన ఆవిడ. ఇవాళ మాట్లాడబోతే నాలుక అంగిటికి అతుక్కుని టక్కుమని చప్పుడైంది. ఎలా ఉన్నారు మామ్మా అంటే, "బాగానే ఉన్నానమ్మా" అంది. పెదాలు ఎండుటాకుల్లా ఉన్నాయి. నీళ్ళు పట్టాను. గ్లాసు నిండా తాగి, ఇంకా కావాలని మాత్రం అడగలేదు.

ఆరుద్ర కార్తె, బుధవారం

సాయంత్రం దీపాలు వెలిగించే వేళ పైడమ్మ గారి బదులు లేచి కూర్చుంది. కళ్ళ ముందు ఏవో తేలుతున్నట్టు రెండు వేళ్ళతో గాల్లోంచి ఒక్కొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంటోంది. మేము దీన్ని గాలేరడం అంటాం. కందిపప్పులో రాళ్ళు ఏరినట్టే ఉంటుంది, ఎదురుగా చేట మాత్రం ఉండదు.

ఒక్క పైడమ్మ గారిదే అయితే రాసేదాన్ని కాదు. ఆ వరసలో సగం అద్దాల్లో చేతులు లేచాయి, అన్నీ ఒకే నిదానంతో. మంచాల మీద అసలు మనుషులు కదలకుండా పడుకుని ఉన్నారు. రేపు ఇదే వేళకు ఈ చేతులూ లేస్తాయని తెలిసి అక్కడ నిలబడటం నాకు చేతకాలేదు. గుడ్డ బకెట్లో పడేసి బయటికి వచ్చేశాను.

వార్డు సిస్టర్ కృపావతి నన్ను చూసి నవ్వింది. "అదేటి మేడమ్, అలగైపోనారు? బదులు ముందే సెప్పేస్తాది గదా. ముసలాళ్ళకి మతి సెడే రోజులొచ్చీసినాయి. అద్దం ఎప్పుడైనా తప్పు సెప్పినాదా?"

లేదు. ఒంటి సంగతుల్లో బదులు ఇవాళ చేసింది మనిషి రేపు చేయకుండా ఉండటం నేను ఇంతవరకూ చూడలేదు. అదే నాకు నచ్చడం లేదు.

డాక్టర్ భానోజీ అప్పటికే పైడమ్మ గారికి చర్మం కింద పెట్టే మందు రాసేశాడు. బియ్యపు గింజంత ఉంటుంది. ఒకసారి పెడితే ఆరు నెలలు ఒంట్లో కరుగుతూ మనిషిని నిమ్మళంగా ఉంచుతుంది. పెట్టాక తీయడం కుదరదు. వచ్చే గురువారం పెడతారు. అది పెట్టినవాళ్ళను వెనక వార్డుకి మారుస్తాం. నేను అక్కడికి తనిఖీకి వెళ్ళినప్పుడల్లా నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు.

ఆరుద్ర కార్తె, గురువారం

అనుకున్నట్టే పైడమ్మ గారు ఇవాళ గాలేరింది. ఆ వేళకు కూతురు నూకరత్నం కూడా ఉంది. యాభై ఏళ్ళ మనిషి, రొయ్యల తొట్ల దగ్గర పని చేసి తిన్నగా ఇక్కడికే వస్తుంది. వచ్చి అద్దం వైపు తిరిగి కూర్చుంది. తల్లి ఆమె వీపు వెనక ఉంది.

"ఎలగున్నాదమ్మా?" అని అడిగింది అద్దాన్ని.

"బయమేస్తందే. నువ్వెల్లిపోకు," అంది బదులు.

నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఎల్లనమ్మా, ఈడే ఉంతాను" అంది. మంచం మీద పైడమ్మ గారు గాల్లోంచి ఏదో తీసి ఒళ్ళో వేసుకుంది.

ఆమె వెళ్ళేటప్పుడు వరండాలో ఆపి, మీ అమ్మ బదులుని నేసిన రోజు మీరేం చెప్పారని అడిగాను. బదులుని మాటలతోనే నేస్తారు. మనిషి ఎలా పడుకుంటుంది, ఏం మర్చిపోతుంది, దేనికి భయపడుతుంది, ఇలా రోజంతా అడుగుతారు. పెద్దవాళ్ళను ప్రశ్నలతో విసిగించరాదని మా నేత గది తలుపు మీదే రాసి ఉంటుంది. అడిగినా ఏం లాభం, ఏ ముసలమ్మని కదిలించినా బాగానే ఉన్నానంటుంది. అందుకని మొదటి నుంచీ ఇంట్లోవాళ్ళనే కూర్చోబెట్టి అడుగుతారు. మర్యాదగా ఉంటుంది, పనీ త్వరగా అవుతుంది.

"అన్నీ సెప్పినానమ్మా. ఒక్కటీ దాయలేదు. రేతిరేల లేచిపోతాది, తలుపులు తీసీస్తాది. మతి తప్పి ఎటో ఎల్లిపోతాదేమో, పడిపోతాదేమో, నన్ను మర్సిపోతాదేమో. నాకు కన్ను మూతపడదు. సెప్పకపోతే మందెలగిస్తారు మరి?"

జరిగినవీ చెప్పింది, జరుగుతాయని భయపడినవీ చెప్పింది. ప్రేమ ఉన్నవాళ్ళంతా అలాగే చెబుతారు. ఇక్కడే ఒక సంగతి నా బుర్రలో గుచ్చుకుంది. మతి తప్పడమనేది బదులు నేతలోనే ఉందనుకోండి, ఆ తర్వాత ఏ మాత్ర వల్ల మతి తప్పినా అద్దం దాన్ని మాత్ర చేసిన హానిగా లెక్క వేయదు. ముందే ఉన్నదిగా అంటుంది. దొంగ చేతికి తాళాలిచ్చి పడుకున్నట్టయింది మా పని.

ఆరుద్ర కార్తె, శనివారం

పైడమ్మ గారి మాత్రలు ఆపి చూస్తానని అర్జీ పెట్టాను. ఆపడానికీ అద్దమే ఒప్పుకోవాలి. నియమం ప్రకారం బదులుకి ఒక రోజు అన్నీ ఆపుతారు. బాగుంటే మనిషికీ ఆపుతారు.

అన్నాళ్ళుగా మింగుతున్న నిద్రమాత్రను టక్కున ఆపితే ఎవరైనా ఏమవుతారు? మధ్యాహ్నానికల్లా బదులు మంచం కమ్మీ పట్టుకుని ఊగడం మొదలుపెట్టింది. సాయంత్రానికి అరిచింది. అద్దం గొంతు సన్నగా పెట్టి ఉంచుతాం కాబట్టి ఆ అరుపు దూరంగా రేవులో ఎవరో పిలుస్తున్నట్టు వినిపించింది. వార్డులో ముసలివాళ్ళందరూ తలలు అటు తిప్పారు. పైడమ్మ గారు తన గొంతు తనే విని, నెమ్మదిగా చెవులు మూసుకుంది.

భానోజీ వచ్చి మందులన్నీ మళ్ళీ పెట్టించాడు. "చూశారా ఇందుమతి గారూ, ఆపితే ఆవిడ తట్టుకోలేదు" అన్నాడు. కోపం తెచ్చుకోవాల్సిన మనిషి కాదు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. మెట్లు దిగినట్టు కొద్దికొద్దిగా తగ్గించాల్సినదాన్ని మేడ మీంచి తోసి, పడిపోయింది చూశారా అంటే ఎలా అని అడిగాను. నియమంలో ఒక్క రోజే ఉందండీ అన్నాడు.

పునర్వసు కార్తె, సోమవారం

ఇవాళ అనుకోకుండా దారి దొరికింది.

మధ్యాహ్నం అన్నంలోకి చేపల కూర వచ్చింది. పైడమ్మ గారు తినడం లేదని నేనే ముద్ద కలిపి, "పండుగప్ప కూర మామ్మా, రెండు ముద్దలు తినండి" అన్నాను. మూడు రోజులుగా మాట లేని మనిషి కళ్ళు నా మీద నిలిపింది.

"పండుగప్పా? ముల్లు సూసినావా దీనిది? ఇది మాగ. తొట్లో పెరిగిన మాగ."

ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉంది అంటే మళ్ళీ బాగానే ఉన్నానమ్మా. అప్పుడు అర్థమైంది. వేలంలో చేపలు కొన్న మనిషి ఆవిడ. తన ధర తనంతట తను ముందు చెప్పదు. ఎదుటివాడు తప్పు ధర చెబితే మాత్రం ఊరుకోదు.

కృపావతిని సాక్ష్యంగా కూర్చోబెట్టుకుని తప్పు ధరలు చెప్పడం మొదలుపెట్టాను.

"మీకు నోరు ఎండిపోదంట కదా మామ్మా."

"ఎవులు సెప్పినారు? పీసులాగున్నాది నోరు. ముద్ద దిగదు."

"చేతులు వణకవంట."

"ఇదేటి మరి?" అని చెయ్యి చాపి చూపించింది.

"ఆ గాల్లో కనిపించేవి సీతాకోకచిలకలంట."

"ఈగలు," అంది. "సేపల మీద ముసిరే ఈగలు. ఆడ నేవని నాకు తెల్సు. అయినా కనిపిస్తాయి. సేప పాడైపోతాదని తీస్తన్నాను."

కృపావతి పెదవి కొరుక్కుంది. నేను అసలు ధరకు వచ్చాను. "రాత్రిళ్ళు మీకు అసలు నిద్రే పట్టదంట, పిచ్చిదానిలా లేచి తలుపులు తీసేస్తారంట."

"పిచ్చేటి? పొద్దుగూకేసరికే తొంగుంతాను. మూడింటికి లేస్తాను. పడవలొచ్చీది ఆ యేళకే గదా. ఊహ తెలిసినప్పట్నించీ అలగే లేస్తన్నాను. ఇప్పుడు పడవల్లేవు, ఒంటికి తెలవదు. తలుపు తీసి గాలెటు కొడతందో సూసి, మల్లీ వొచ్చి కూకుంతాను. దానికి మందేటి?"

దానికి మందేమిటి. అదే నేను అడిగేదీ. మూడింటికి లేస్తుందని నిద్రమాత్ర వేశారు. ఆ మత్తులో లేవలేక పక్క తడిపితే మూత్రం పట్టి ఉంచే మాత్ర వేశారు. దానితో నోరు ఎండింది, ఈగలు వచ్చాయి. ఈగలకి కలవరం తగ్గించే మాత్ర, దానితో చేతులు బిగిసి వణికితే వణుకుడు మాత్ర. అది ఈగలను రెట్టింపు చేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఒక్కొక్కటే ఊడుతుంటే మేము అద్దంలో చూసి రాసుకున్నాం. తెల్లవారుజామున చేపలకు లేచే అలవాటు తప్ప ఆవిడకు మొదట ఏ రోగమూ లేదు.

నాకు ఏడుపొచ్చింది. కృపావతి ఎదుటే ఏడ్చాను.

పునర్వసు కార్తె, మంగళవారం

భానోజీకి చెప్పాను. కృపావతీ చెప్పింది. అతను విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు. చివరికి, "మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ పేషెంటు మాట మీద మందు మార్చే అధికారం నాకు లేదు. అద్దం ఒప్పుకోవాలి, లేదా నేయించినవాళ్ళు బదులు వద్దని సంతకం పెట్టాలి" అన్నాడు.

"మరి ఎల్లుండి పెట్టే గింజో?"

"సంతకం వస్తే ఆపుతాను. రాకపోతే నా చేతిలో లేదండి."

చేతిలో లేదనే మాట ఈ కొండ మీద గాలి కన్నా ఎక్కువ వినిపిస్తుంది. అతనితో గొడవ పడితే ఒక రోజు వృథా అవుతుందని లేచి వచ్చేశాను.

పునర్వసు కార్తె, బుధవారం

నూకరత్నం సాయంత్రం వచ్చేసరికి కాగితం పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాను. మాత్రల సంగతంతా విప్పి చెప్పాను. రేపు ఆ గింజ పెడితే మీ అమ్మ ఇక లేచి కూర్చోదని కూడా చెప్పాను. అంతా విని, అద్దం వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"వొద్దమ్మా. దీన్ని తీసీకండి."

"మీ అమ్మ ఇక్కడుంది, నూకరత్నం గారూ. అది అద్దం."

"తెల్సు. నాకు తెలీదనుకుంతన్నారేటి?" అద్దం వైపు వేలు చూపింది. "మా అమ్మ పుట్టి బుద్దెరిగి నాతో ఒక్క మాట సెప్పనేదు. నాయన పోయినప్పుడు ఎలగున్నావే అంటే బాగానే ఉన్నానంది. కాలిరిగితే బాగానే ఉన్నానంది. నన్నెప్పుడూ ఉండమననేదు, ఎల్లమననేదు. ఇది సెప్తాది. బయమేస్తందంటాది. ఉండిపోమంటాది. దీన్ని తీసీస్తే నాకు మల్లీ ఎవులు సెప్తారు?"

అద్దంలో బదులు ఆమె వైపే చూస్తోంది. "నువ్వెల్లిపోకే," అంది. నూకరత్నం దాని దగ్గరికి జరిగింది.

నా దగ్గర ఇంకా వాడని తప్పు ధర ఒకటి ఉంది. అది అనడానికి నోరు రాలేదు, కానీ అన్నాను.

"పైడమ్మ గారూ, రేపటి నుంచి మీ అమ్మాయి రాదంట. రాకపోయినా మీకు ఫర్వాలేదంట కదా."

గాల్లో ఏరుతున్న వేళ్ళు ఆగాయి. మాట కోసం నాలుకతో పోట్లాడుతోందని తెలుస్తూనే ఉంది. నీళ్ళు పట్టబోతే గ్లాసు పక్కకు నెట్టింది.

"ఎవులన్నారా మాట?" అంది. "పొద్దు వాలినకాడి నుంచీ దాని అడుగుల సప్పుడుకే సెవొగ్గి ఉంతాను. అదొస్తాది. వొచ్చి అటు తిరిగి కూకుంటాది. ఇటు తిరగమని ఎలగడగను? అలిసిపోయొస్తాది గదా గుంట. నాకు బాగోనేదే రత్నం. దాహమేస్తంది. నువ్వు ఇటు తిరుగు."

నూకరత్నం తిరిగింది. తిరిగి, తల్లి వణుకుతున్న చేతిని పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఆమె వెనక అద్దంలో బదులు నిద్రలేని కళ్ళతో ఆ వీపునే చూస్తూ ఉంది. నువ్వెల్లిపోకే అని ఇంకో రెండు సార్లు అంది. ఎవరూ తిరగలేదు.

పుష్యమి కార్తె, శుక్రవారం

గింజ పెట్టలేదు. మాత్రలు మెట్టు మెట్టుగా దించుతున్నాను. వణుకుడు మాత్ర, మూత్రం మాత్ర ముందు పోయాయి, తర్వాత కలవరం మాత్ర. నిద్రమాత్రను చాకుతో గీరినట్టు రోజు మార్చి రోజు తగ్గిస్తున్నాను. మొదటి వారం గడ్డుగా గడిచింది. చెమటలు పట్టాయి, కృపావతిని రెండు తిట్లు తిట్టింది. "మేడమ్, ఇయ్యే మంచి రోజులు. తిడతన్నాదంటే బతికినట్టే" అంది కృపావతి.

నోరు తడి అయింది. ఈగలు తగ్గి, ఒకటీ అరా మిగిలాయట. వాటిని పట్టించుకోవడం మానేసిందట.

మిగతా అద్దాల్లో సాయంత్రం చేతులు లేస్తూనే ఉన్నాయి. వరసలో ఒక్క పైడమ్మ గారి మంచం పక్కనే గోడ ఖాళీగా ఉంది. భానోజీ ఆ ఖాళీ చోటు చూస్తాడు, నన్ను చూడడు. ఒక పేషెంటుతో నియమం మారదని అతను అనకపోయినా నాకు వినిపిస్తోంది.

ఆశ్లేష కార్తె, ఆదివారం

నూకరత్నం ఇప్పుడు తల్లి ఎదురుగా కూర్చుంటుంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు, పోట్లాడుకుంటారు. ఇవాళ వెళ్ళబోతూ నా దగ్గరికి వచ్చి, నేల చూస్తూ అడిగింది. "అదెక్కడున్నాదమ్మా? ఒక్కసారి సూసొచ్చీనా?"

వెనక నుంచి పైడమ్మ గారు, "నానూ వొస్తాను. నాకు బదులుగా మందులు తిన్నదాన్ని నానే సూడనేదు" అంది.

చేయి పట్టుకుని నడిపించాను. ఊపిరి కోసం రెండు చోట్ల ఆగింది గానీ తూలలేదు. తీసేసిన బదుళ్ళను ఆరు నెలలు సాక్ష్యంగా ఉంచాలి. మెట్ల కింద దుప్పట్లు పెట్టే గదిలో గోడకు ఆనించి ఉంచాం. మనుషులు పోయిన బదుళ్ళు, ఇంటికి వెళ్ళినవాళ్ళ బదుళ్ళు, ఉప్పు పట్టిన అద్దాల వెనక మసక మసకగా పడుకుని ఉన్నాయి. కొన్ని చేతులు గాలేరుతున్నాయి. వాటికి మందులు ఎవరూ ఆపలేదు. పూట పూటకీ అద్దం కింది మందుల యంత్రం వాటికి మాత్రలు ఇస్తూనే ఉంది. ఇది నాకు తెలిసిన సంగతే, ఎప్పుడూ ఆలోచించలేదంతే.

పైడమ్మ గారు తన అద్దం ముందు నిలబడి కొంగుతో ఉప్పు తుడిచింది. లోపలిది కళ్ళు తెరిచి చూసింది. పెదాలు పగిలి ఉన్నాయి. నాలుక కదిపితే టక్కుమంది.

"దీనికి దాహమేస్తంది," అంది పైడమ్మ గారు. "ఆ మాత్రలు ఆపీండి."

"మామ్మా, అది మనిషి కాదు. లెక్క. దానికేమీ తెలియదు."

ఆవిడ నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. "నాకు మాత్రలేసినప్పుడు దీన్నే గదా అడిగినారు? అప్పుడు మనిషేగా?"

నూకరత్నం అద్దం మీద చెయ్యి ఆనించింది. సాక్ష్యాన్ని తాకకూడదన్న నియమం ఉంది గానీ, సాక్ష్యానికి మందులు తగ్గించకూడదని ఎక్కడా రాయలేదు. ఇవాళ్టి నుంచి దానికీ మెట్లు దించడం మొదలుపెట్టాను. ఆగమనేవాళ్ళు ఎవరూ ఆ గదిలోకి రారు.

మఖ కార్తె, గురువారం

పొద్దున భానోజీని దుప్పట్ల గదికి రమ్మన్నాను. దేనికండీ అంటూనే వచ్చాడు. వెనకే కృపావతి.

అద్దంలో బదులు లేచి కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, వణుకు లేదు. పెదాలు తడిగా ఉన్నాయి. ఆఖరి మాత్ర ఆగి వారం దాటింది. మతి తప్పుతుందని, పడిపోతుందని, అందరినీ మర్చిపోతుందని నేసిన బదులు ఇది. పైడమ్మ గారిలో లేని రోగాలు కూడా దీంట్లో ఉండాలి. ఒక్క మందు లేకుండా నిలకడగా కూర్చుంది. అద్దం ఒప్పుకోవాలన్నారు కదా, ఇదిగో అద్దం అన్నాను. భానోజీ దగ్గరికి వెళ్ళి చూశాడు, పక్క నుంచి చూశాడు, యంత్రంలోని మందుల అర తెరిచి ఖాళీగా ఉండటం చూశాడు. ఈ వారం నలుగురికి గింజ రాసి ఉంచాడు. జేబులోంచి ఆ కాగితాలు తీసి నా ముందే అడ్డంగా కొట్టేశాడు.

"రేపటి నుంచి వార్డంతా ఇలాగే దించుదాం. నెమ్మదిగా," అన్నాడు. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది, అది రాసుకోవడానికి సిగ్గు లేదు.

వెళ్ళబోతూ నేను అద్దాన్ని అడిగాను. బదుళ్ళను మేము చూస్తామే గానీ పలకరించం. "ఎలా ఉన్నారు?" అన్నాను.

అది తల ఎత్తింది. ముడతలు, పచ్చబొట్టు, మొహమంతా పైడమ్మ గారిదే.

"నాకేటమ్మా," అంది. "మా అమ్మకెలగున్నాది?"

కృపావతి నా చెయ్యి పట్టుకుంది. ఆ మొహంలోంచి వస్తున్నది నూకరత్నం మాట, నూకరత్నం తొందర.

"నిద్దర పడతందా అమ్మకి? రేతిరేల తలుపు తీసుకుని ఎల్లిపోతాది. పడిపోతాదేమోనని నాకు కన్ను మూతపడదు. ఎంతమందినడిగినా నాకు మాత్రలిస్తారు గాని, మా అమ్మెలగున్నాదో ఎవులూ సెప్పరు."

భానోజీ దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయాడు. కూతురి భయానికి తల్లి మొహం తొడిగి, ఆ భయానికి మందులు రాసి, వాటిని తల్లి చేత మింగించాం. అది ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. పైన వార్డులో ప్రతి అద్దంలోనూ ఎవరో కొడుకో, కోడలో, చెల్లెలో అలా మేలుకుని ఉన్నారన్నమాట.

దానికి ఏం చెప్పాలో పుస్తకాల్లో లేదు. నూకరత్నానికి చెప్పినట్టే చెప్పాను. అద్దం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను.

"మీ అమ్మ బాగుంది. ఇవాళ మూడింటికే లేచింది. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి, గాలి ఎటు కొడుతోందో చూసి వచ్చింది. పడలేదు. ఎవరినీ మర్చిపోలేదు. ఇందాక గంజి తాగుతూ ఉప్పు చాలలేదని మమ్మల్ని తిట్టింది. రేపు ఇంటికి పోతోంది."

నిజమేనా అని తూచుకుంటున్నట్టు నా మొహంలోకి చూసింది. తర్వాత దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. ఏ మాత్రా వేయకుండానే నిద్రపోయింది.